అత్తయ్య సీటు తియ్యకుండా

కారు పందెం అనగానే మనకి సినిమాల్లో చూసిన రంగురంగుల కార్లూ, జెండాలూ, గెలిచినవాళ్లు సీసా ఊపి నురగ చిమ్మడాలూ గుర్తొస్తాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన కరెంటు కార్ల రేసు చూసినవాళ్లకి అదీ గుర్తుండే ఉంటుంది. నేను చెప్పబోయేది అంత గొప్ప వ్యవహారం కాదండీ. దీని పేరు ఆటోక్రాస్. ఊరి బయట మట్టి మైదానంలో ఒక దారి గుర్తు పెడతారు. మలుపు మలుపుకీ ఎర్ర ప్లాస్టిక్ కోన్లు నిలబెడతారు. మామూలుగా ఒక్కో కారే బయల్దేరుతుంది. పక్కన ఎవరూ ఉండరు, పోటీ అంతా గడియారంతోనే. కోను తగిలితే మన సమయానికి కొన్ని సెకన్లు కలిపేస్తారు. దారి తప్పామా, ఆ పరుగు పోయినట్టే. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టదు. చుక్కలు తప్పకుండా, చెయ్యి ఎత్తకుండా మెలికల ముగ్గు వెయ్యడం అలవాటున్న మనకి ఇది అర్థం కావడం కష్టమేం కాదు.

అమెరికాలో దీన్ని పెద్ద పెద్ద పార్కింగు స్థలాల్లో తారు మీద ఆడతారు. వారమంతా ఆఫీసుకి వెళ్లొచ్చిన కారుతోనే ఆదివారం పోటీకి దిగుతారట. మన దేశంలో ఎక్కువగా మట్టి మీదే. చెన్నైలో ఉన్న ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా వాళ్ల నియమాల ప్రకారం క్లబ్బులవాళ్లు నడుపుతారు. ఇంజన్ సైజును బట్టి తరగతులు ఉంటాయి. ఆడవాళ్లకి విడిగా ఒక తరగతి పెట్టడమూ మామూలే. ఆ ఆడవాళ్ల తరగతిలోకే, నలభై నాలుగేళ్ల వయసులో, మా ఇంటి పాత జెన్ కారుతో నేను వెళ్లాను.

మా ఊరు ములకలపల్లి దాటాక, అడవి అంచున. ఇటు పామాయిల్ తోటలూ, జామాయిల్ తోటలూ, అటు అడవి. కొత్తగూడెం పోవాలంటే పాల్వంచ మీదుగా నలభై కిలోమీటర్ల దాకా అవుతుంది. మా అత్తయ్యకి మూడేళ్ల క్రితం కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద ఉండాలి, పోను రాను ఇంకో మూడు గంటలు. మావారు స్కూలు టీచరు. వారానికి రెండు సెలవులు ఎవరిస్తారు? ఆటోలో తీసుకెళ్తే ఆ కుదుపులకి ఆవిడ ప్రాణం కళ్లల్లోకి వచ్చేసేది. అందుకని నేనే కారు నేర్చుకున్నాను. సరదాకి కాదు, అవసరానికి.

డయాలసిస్ అయి వచ్చిన మనిషిని కారులో కూర్చోబెట్టుకుని నడిపినవాళ్లకే తెలుస్తుంది ఆ సంగతి. బీపీ పడిపోయి ఉంటుంది, కళ్లు తిరుగుతుంటాయి. సూదులు గుచ్చిన చెయ్యి దేనికీ తగలకూడదు. గట్టిగా బ్రేకు తొక్కితే "అమ్మా" అంటారు. మలుపులో విసురుగా తిప్పితే అటు ఒరిగిపోతారు. అందుకని మలుపు రాకముందే బ్రేకు తొక్కి నెమ్మది చేసుకోవడం, మలుపులో స్టీరింగు ఒక్కసారే మెల్లగా తిప్పడం, దారి తిన్నగా కనపడ్డాకే యాక్సిలేటరు నొక్కడం నాకు అలవాటైపోయింది. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లకి పైనే, అదీ అడవి మలుపుల్లో. మేకలు అడ్డం వస్తాయి, ఎండాకాలం ఇప్పపూలు ఏరుకునేవాళ్లు రోడ్డు పక్కన వంగి ఉంటారు. చూపు ఎప్పుడూ తర్వాతి మలుపు మీదే ఉండాలి.

ఈ సంగతి కనిపెట్టింది మా మరిది. పాల్వంచలో మెకానిక్ షెడ్డు నడుపుతాడు. కుర్రతనంలో స్నేహితులతో కలిసి ఇలాంటి పోటీలకి కార్లు తయారుచేసి ఇచ్చినవాడే. ఒకరోజు మాతో పాటు కొత్తగూడెం వచ్చి, దిగేటప్పుడు అన్నాడు. "వదినా, నువ్వు నడిపే పద్ధతి నేర్పడానికి పోటీ కుర్రాళ్లకి ఏడాది పడుతుంది. వాళ్లకి తొక్కడం తప్ప ఆగడం రాదు" అని. నేను నవ్వి ఊరుకున్నాను. మా అమ్మాయి ఊరుకుంటేగా! ఫోనులో ఏవేవో తీసి చూపించింది. ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్ అట, 1981లో ఇటలీలో ప్రపంచ ర్యాలీ పోటీ గెలిచిన మొదటి ఆడమనిషి. పక్క సీట్లో దారి చెప్పిన ఆవిడా ఆడమనిషేనట. అది సరే, ఎక్కడో ఫ్రాన్సు. మన దేశంలోనే గుర్గావ్‌కి చెందిన బానీ యాదవ్ గారు పిల్లల తల్లి అయ్యాక, నలభైల్లో ర్యాలీల్లోకి దిగారట. ఇది విన్నాక నవ్వు ఆగింది.

ఇక మాటలు పడడం మొదలైంది. "ఇంట్లో అంత జబ్బు మనిషిని పెట్టుకుని కారు పందేలేంటమ్మా" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్లది తప్పని నేననను. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో నవ్వు వినపడితేనే తప్పుగా చూసే లోకం ఇది. కానీ మా అత్తయ్య ఒక్క మాటతో తేల్చేశారు. "మంగళారం పొద్దున ఆరింటికి బండి గుమ్మం ముందు ఉండాలె. అది ఉంటే ఆదివారం నువ్వు యాడికన్నా పో" అన్నారు. మేం కారుకి చేసిన ప్రతి పనీ ఆ షరతుకి లోబడే చేశాం. ఇంట్లో ఉన్నది ఒక్కటే కారు. పోటీకని పాడుచేసుకుంటే ఆవిడ చికిత్స ఆగుతుంది. ఒక్కసారి తప్పినా ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉన్న చికిత్స అది.

జెన్ గురించి రెండు మాటలు. 1993లో వచ్చిన మోడలు, 2006లో తయారీ ఆగిపోయింది. మాది 2003లో కొన్నది. పదిహేనేళ్లు నిండాక గ్రీన్ టాక్సు కట్టి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాం. 993 సీసీ ఇంజను, బరువు ఎనిమిది వందల కిలోల లోపే. చిన్నది, తేలికైనది, చప్పున తిరుగుతుంది. అందుకే ఆటోక్రాస్ వాళ్లకి ఇదంటే ఇప్పటికీ మోజు. దీనికి ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. లాగాల్సిందీ అవే, తిరగాల్సిందీ అవే, బ్రేకు వేస్తే బరువంతా మొయ్యాల్సిందీ అవే. ఇంటి పెద్దకోడలు పరిస్థితి అన్నమాట. వెనక చక్రాలు కొత్తల్లుడిలా ఊరికే వెంట వస్తాయి. పెద్దకోడలి మీద అన్ని పనులూ ఒక్కసారే పెడితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మలుపులో బ్రేకు, స్టీరింగు, యాక్సిలేటరు కలిపి వాడితే ముందు చక్రాలు పట్టు వదిలేసి కారు తిన్నగా పోతుంది. ఒక పని అయ్యాక ఒక పని చెప్పాలి.

నా దగ్గర ఉన్నది చీటీ పాడుకున్న 35 వేలు. మావారి జీతంలోంచి పైసా ముట్టుకోనని ముందే చెప్పేశాను. పోటీ కారు తయారు చెయ్యడమంటే ఇంజనులో ఏవో కొత్తవి పెట్టి వేగం పెంచడమనుకున్నాను. మా మరిది ఇంజను జోలికే పోలేదు. ఆయిలు మార్చాడు, గాలి ఫిల్టరు మార్చాడు, ప్లగ్గులు తుడిచాడు, అంతే. ఆయిలు మాత్రం పుల్ల మీద పై గీత దాకా ఉంచమన్నాడు. గట్టిగా మలుపు తిరిగేటప్పుడు ఆయిలంతా ఒక పక్కకి ఒరుగుతుంది కాబట్టి తక్కువ ఉండకూడదట. అలాగని గీత దాటి పొయ్యనూ కూడదు.

డబ్బంతా కింద పోసేశాం. నాలుగు కొత్త టైర్లకి 12,800. ముందు బ్రేకు ప్యాడ్లు, వెనక షూలు, బ్రేకు ఆయిలుకి 3,400. ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్షులు, టై రాడ్ ఎండ్లకి 4,200. ఇంజను కింద ఆయిలుండే సంపుని, మా మరిది భాషలో చాంబరుని, రాళ్లు తగలకుండా కాపాడే ఇనుప పలకకి 1,800. నా హెల్మెట్ 4,500. మిగిలినవి లైసెన్సుకీ, ఎంట్రీ ఫీజుకీ, పెట్రోలుకీ. చూడండి, ఇందులో హెల్మెట్ తప్ప మిగతావన్నీ మా అత్తయ్య ప్రయాణానికి కూడా కావలసినవే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుందనీ, పాతబడితే గట్టి వాడకంలో మరిగి బ్రేకు మెత్తబడుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. రెండేళ్లుగా మేం మార్చని మాట అది. మీ ఇంటి కారుకి ఎప్పుడు మార్చారో ఈ వారమే మీవారిని అడగండి.

బరువు తగ్గించే దగ్గర మాకూ మా మరిదికీ చిన్న యుద్ధం జరిగింది. స్టెప్నీ, జాకీ, పానాలు, కాళ్ల కింది పట్టాలు, డిక్కీలో నేను దాచుకునే మంచినీళ్ల క్యాన్లు, దుప్పటి, అత్తయ్య ఆస్పత్రి సంచి, అన్నీ పరుగుకి ముందు దించెయ్యాలి. లోపల దొర్లే వస్తువు ఏదీ ఉండకూడదు. అంతవరకూ ఒప్పుకున్నాను. తర్వాత అతను పానా పట్టుకుని వెనక సీటు మీద కన్నేశాడు. "ఇది తీస్తే ఎంత తేలికవుతుందో తెలుసా వదినా" అంటూ. "ఆ సీటు అత్తయ్యది. దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను. అదృష్టం బావుండి, పోటీవాళ్లు పంపిన నియమాల కాగితంలో మా తరగతి కార్లకి సీట్లన్నీ కంపెనీ బిగించినట్టే ఉండాలని రాసుంది. కాగితం అతని చేతిలో పెట్టాను. ఏ పోటీకి వెళ్లేవాళ్లయినా పానా పట్టుకునేముందు ఆ పోటీ నియమాలు చదువుకోవడం మంచిది. ఒకచోట చెల్లింది ఇంకోచోట చెల్లదు.

షాక్ అబ్జార్బర్లు గట్టివి వేస్తానన్నాడు. గట్టివైతే మలుపులో కారు పక్కకి ఒరగదు, స్టీరింగు చెప్పినట్టు వింటుంది. కానీ ములకలపల్లి రోడ్డు మీద ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది. అదీ వద్దన్నాను. కారుతున్న ఒక్కటీ మార్చి, మెత్తనివే ఉంచాం. ఒరిగే కారుని ఒరగనిచ్చి, దానికి తగ్గట్టు నేనే ముందుగా, మెల్లగా తిప్పుతానన్నాను.

టైర్లలో గాలి సంగతి ఒక శాస్త్రం. గాలి తక్కువైతే మలుపులో టైరు పక్క గోడ నేల మీదికి మడుచుకుంటుంది. మరీ తక్కువైతే రిమ్ము నుంచి ఊడే ప్రమాదమూ ఉంది. ఎక్కువైతే పట్టు తగ్గి జారుతుంది. సరైనది కనుక్కోవడానికి ఒక చిట్కా. టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దముక్కతో గీతలు గీసి, నాలుగు మలుపులు గట్టిగా తిప్పి, దిగి చూడాలి. సుద్ద ఎంతవరకు చెరిగిందో టైరు అంతవరకు నేలని తాకిందన్నమాట. పక్క గోడ మీద గీత చెరిగితే గాలి పెంచాలి. అంచు మీద గీత కూడా చెరగకపోతే తగ్గించాలి. ఇంటి వాడకానికి మేం నాలుగింటికీ 28 పెట్టేవాళ్లం. గట్టి నేల మీద సుద్ద పరీక్ష చేస్తే ముందు 32, వెనక 34 దగ్గర కుదిరింది. వెనక కాస్త ఎక్కువ పెడితే అల్లుడుగారు కొంచెం జారి, కారు తొందరగా తిరుగుతుంది. ఇది మా కారుకి, మా టైర్లకి వచ్చిన లెక్క. నేల వదులుగా ఉంటే మళ్లీ తగ్గించాల్సిందే. టైరు మీద అచ్చు వేసిన హద్దు దాటకూడదు. చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, వేడెక్కితే గాలి తనంతట తనే పెరుగుతుంది.

అలైన్‌మెంట్‌లో ముందు చక్రాల కొసలు రవ్వంత బయటికి తెరిస్తే మలుపు చురుగ్గా అందుకుంటుంది. అయితే అలా రోడ్డు మీద నడిపితే కొత్త టైర్లు తొందరగా అరిగిపోతాయి. మా మరిది ఉపాయం ఏమిటంటే, ఇంటి కొలతకి బిగించినప్పుడే రాడ్డు మీద, నట్టు మీద ఒక గీత గీసి ఉంచడం. పోటీ దగ్గర ఎన్ని మరలు తిప్పాడో లెక్కపెట్టుకుంటే, అయ్యాక గీత కలిసేదాకా వెనక్కి తిప్పుకోవచ్చు. పెయింటు కోసం వెతుకుతుంటే మా అమ్మాయి తన నెయిల్ పాలిష్ తెచ్చి ఇచ్చింది. ఎర్రటి ఎరుపు. ఆ రోజు నుంచి కింద ముఖ్యమైన నట్లన్నిటి మీదా ఒక్కో గీత. నట్టు ఏ మాత్రం వదులైనా గీత విరిగినట్టు కనపడుతుంది. ఇప్పుడు ప్రతి సోమవారం సాయంత్రం టార్చిలైటు వేసి నేనే వంగి చూస్తాను.

ప్రాక్టీసు ఎక్కడ? రోడ్డు మీద చెయ్యడం నేరం. అడవిలోకి పోవడం అంతకన్నా. మా మరిది స్నేహితుడి మిర్చి కల్లం ఉంది, రెండెకరాల దాకా. ఏప్రిలుకల్లా మిర్చి ఖమ్మం మార్కెట్టుకి వెళ్లిపోయాక ఆ నేల సిమెంటు గచ్చులా గట్టిగా ఉంటుంది. పాత బకెట్లూ, ఖాళీ రంగు డబ్బాలూ కోన్లుగా పెట్టుకున్నాం. అక్కడక్కడా మిగిలిన తాలుకాయలు చక్రాల కింద నలిగి ఘాటు లేచేది. మొదటిరోజు నేనూ, మా మరిదీ, చూడ్డానికి వచ్చిన పిల్లలూ తుమ్మిన తుమ్ములు ఇన్నీ అన్నీ కావు. మరునాడు కల్లం ఊడ్పించి, నీళ్లు చల్లించి మొదలుపెట్టాం.

అక్కడ నేను కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే, హ్యాండ్ బ్రేకు. వెనక్కి తిరిగినంత పని అయ్యే గుండీ మలుపులో క్లచ్చి తొక్కి, హ్యాండ్ బ్రేకు ఒక్క క్షణం లాగి వదిలితే వెనక చక్రాలు జారి కారు మూతి ఇటు తిరిగిపోతుంది. మీట బొత్తాం బొటనవేలితో నొక్కి పట్టుకునే లాగాలి, లేకపోతే అక్కడే పట్టేసుకుంటుంది. మిగతాదంతా అత్తయ్య నేర్పిన విద్యే. నెమ్మదిగా మలుపులోకి, వేగంగా మలుపులోంచి. మా మరిది షెడ్డు కుర్రాడు మట్టి లేచేలా, అరుపులు పుట్టేలా నడిపాడు. చూడ్డానికి అతనిదే వేగం అనిపించింది. గడియారం చూస్తే నాకంటే రెండు సెకన్లు ఎక్కువ పట్టింది.

కూర్చునే తీరు కూడా చెప్పాలి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైన ఆనాలి. క్లచ్చి పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త మడిచే ఉండాలి. మనలో చాలామంది స్టీరింగుని గుండెకి హత్తుకుని కూర్చుంటాం, చేతులు తిరగడానికి చోటుండదు. బట్టల విషయంలో పొయ్యి దగ్గర పాటించే నియమమే. నూలు చుడీదారు, పొడుగు చేతులు, చున్నీ లేదు, గాజులు తీసెయ్యడం, పల్చటి అడుగున్న బూట్లు. నైలాను, పాలియెస్టరు అసలు వద్దు, మంట తగిలితే ఒంటికి అంటుకుపోతాయి.

శుక్రవారం డయాలసిస్ చేయించుకొచ్చాం. శనివారం తెల్లవారుజామున మావారికి అత్తయ్యని, ఆవిడ చప్పిడి కూరల్ని, రోజుకి కొలత పెట్టిన మంచినీళ్ల సీసాని అప్పగించి, నేనూ, మా మరిదీ, అమ్మాయీ బయల్దేరాం. ఖమ్మం, సూర్యాపేట మీదుగా హైదరాబాదు పొలిమేరల దాకా మూడొందల కిలోమీటర్ల దాకా అయింది. మిగతావాళ్ల కార్లు కొన్ని లారీల మీద వచ్చాయి. మాది పులిహోర డబ్బాతో, నాలుగు దిండ్లతో తనంతట తనే వచ్చింది.

ఆదివారం పొద్దున ముందు తనిఖీ. బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా, సీటు బెల్టు పట్టుకుంటోందా, లాగడానికి ముందు కొక్కెం ఉందా, ఎక్కడైనా ఆయిలు కారుతోందా అని చూస్తారు. తర్వాత దారి వెంట కాలినడకన తిరగనిస్తారు. చాలామంది కుర్రాళ్లు ఫోనులో మాట్లాడుకుంటూ ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయారు. నేను మూడుసార్లు నడిచాను. మూడోసారి కళ్లు మూసుకుని, ముగ్గు వేసేటప్పుడు వేలు తిరిగినట్టు, గాలిలో చెయ్యి తిప్పుకున్నాను. ఎవరైనా చూస్తే ఏమనుకున్నారో!

మాకు మూడు పరుగులు. మూడిట్లో మంచి సమయమే లెక్క. మొదటి దాంట్లో గుండె చప్పుడు హెల్మెట్లో వినపడింది, 1 నిమిషం 24 సెకన్లు. రెండోది 1 నిమిషం 21. హ్యాండ్ బ్రేకు మలుపు అచ్చం కల్లంలో తిరిగినట్టే తిరిగింది. ఆరుగురు ఆడవాళ్లలో మూడో స్థానం. రెండో స్థానం అమ్మాయికీ నాకూ తేడా సెకను కూడా లేదు. మా అమ్మాయి గంతులేసింది.

అప్పుడు మా మరిది కారు కిందికి దూరాడు. ఎడమ ముందు చక్రం లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ఇంజను నుంచి చక్రానికి బలం తెచ్చే షాఫ్టు చివర కీలుకి రబ్బరు తొడుగు ఉంటుంది, బూటు అంటారు. రాయి తగిలి అది చిరిగింది. నట్ల మీద నెయిల్ పాలిష్ గీతలన్నీ చెక్కుచెదరలేదు. కీలు ఇంకా బాగానే ఉంది, చప్పుడేమీ లేదు. కానీ తొడుగు చిరిగితే గ్రీజు పోతుంది, దుమ్ము లోపలికి పోతుంది, దుమ్ము కలిసిన గ్రీజు కీలుని ఆకురాయిలా అరగదీస్తుంది.

"ఇంకొక్క పరుగే కదా వదినా, నిమిషంన్నర. ఏమీ కాదు" అన్నాడు మరిది. నిజమే, నూటికి తొంభై పాళ్లు ఏమీ కాదు. పక్కనున్న పోటీవాళ్లు కూడా అదే అన్నారు. మా అమ్మాయి ఏమీ అనలేదు, నా మొహం చూస్తూ నిలబడింది. నేను లెక్క వేసుకున్నాను. ఆ మైదానం నిండా పిండిలాంటి దుమ్ము. కీలు పోతే జెన్‌కి ఆ షాఫ్టు పాల్వంచలో దొరకదు, ఖమ్మంలో అడగాలి, అక్కడా లేకపోతే హైదరాబాదు నుంచి తెప్పించాలి. ఆదివారం సాయంత్రం షాపులుండవు. మూడొందల కిలోమీటర్లు వెనక్కి వెళ్లాలి. మంగళవారం ఆరింటికి గుమ్మం ముందు ఉండాలి. హెల్మెట్ తీసి అమ్మాయి చేతిలో పెట్టి, అధికారుల బల్ల దగ్గరికి వెళ్లి మూడో పరుగు వదులుకుంటున్నానని రాసిచ్చాను. బాధ లేదని చెప్పను. చెవులు వేడెక్కిపోయాయి. మిగతావాళ్లు వెళ్తుంటే లెక్కచూస్తూ నిలబడ్డాను. ఒకమ్మాయి నన్ను దాటేసింది. నాలుగో స్థానం.

మా మరిది ఆ తొడుగు చుట్టూ తుడిచి, గ్రీజు కూరి, పులిహోర డబ్బాకి చుట్టిన పాలిథీన్ కవరు తొడిగి తీగతో, టేపుతో కట్టేశాడు. చక్రాల కొలత ఎర్రగీత కలిసేదాకా వెనక్కి తిప్పాడు. గాలి 28కి దించాడు. గంటకి యాభై, అరవై దాటకుండా వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. సోమవారం పాల్వంచ షెడ్డులో షాఫ్టు ఊడదీసి, కీలు డీజిలుతో కడిగి చూస్తే లోపల గుండ్లు అద్దంలా మెరుస్తున్నాయి, అరుగుదల లేదు. కొత్త బూటు, క్లిప్పులు, గ్రీజు కలిపి 650 రూపాయలు. కూలి వేసుకుంటే బావుండదని మా మరిది తీసుకోలేదు, దానికి బదులు రెండు సీసాల ఆవకాయ తీసుకెళ్లాడు. స్టెప్నీ, జాకీ, దుప్పటి, ఆస్పత్రి సంచి వాటి వాటి చోట్లకి వెళ్లాయి. చాంబరు కింద పలక మాత్రం తియ్యలేదు, మా ఊరి రోడ్డుకి అది ఉండడమే మంచిది.

మంగళవారం ఆరింటికి అత్తయ్య తన సీట్లో కూర్చున్నారు. పాల్వంచ దాటేదాకా పోటీ సంగతి ఒక్క మాట అడగలేదు. తర్వాత వెనకనుంచి, "ఆఖరుది ఇడిసిపెట్టి వచ్చినవంట కదా. చిన్నోడు చెప్పిండు" అన్నారు. అవునన్నాను. కొంచెంసేపు ఊరుకుని, "ఆ రబ్బరు తొడుగులు ఇంకో జత కొని డిక్కీల పెట్టుకోరాదు, వచ్చేసారికి" అన్నారు. కొన్నానండీ. రెండు వైపులవీ.